పరదా వెనక నుంచి వచ్చిన జవాబు

పోయిన వారం సైదాబీ చేతిలో ఫోన్ మోగుతూ ఉండగా ఆపాను. అది ఎవరి ఫోనో చెప్పే ముందు, ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను.

కోదాడలో, ఖమ్మం క్రాస్ రోడ్డుకు వెనక వీధిలో, అద్దె ఇంటి ముందు గదిలో సైదాబీ ఆడపిల్లలకు అరబీ అక్షరాలూ నమాజూ నేర్పుతుంది. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, నేర్పిన ప్రతి ముక్కకూ తెలుగులో అర్థం చెప్పేది ఈమె ఒక్కతే. దూదేకుల ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే కాబట్టి పిల్లలు ఒక్కరొక్కరే చేరి ముప్పై ఒక్కమంది అయ్యారు. రంజాన్ పండుగ దాటాక మసీదు పక్క గది ఈ తరగతికి ఇస్తామని కమిటీ మాట కూడా ఇచ్చింది. సరిగ్గా పదకొండో ఉపవాసం నాడు, పగలు మూడు గంటలకు, సైదాబీ తన వంటింట్లో కూర్చుని పెరుగన్నం తింటుంటే ఎవరో వెనక కిటికీలోంచి వీడియో తీశారు. పద్నాలుగు సెకన్లు. అది కమిటీ పెద్ద, అందరూ సదర్ సాబ్ అని పిలిచే మదార్ సాబ్‌కు చేరింది. ఆయన దాన్ని మసీదు వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "దీనికి జవాబు కావాలి" అని రాశాడు. గ్రూపులో రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు, అందరూ మగవాళ్లే. గురువారం సాయంత్రం అసర్ నమాజు తరువాత షాదీఖానాలో కమిటీ కూర్చుంటుంది. జవాబు రాకపోతే గదీ లేదు, తరగతీ లేదు.

సైదాబీ ఆ రోజు రోజా, అంటే ఉపవాసం, ఎందుకు లేదు అని అడుగుతూ పత్రికకు చాలా ఉత్తరాలు వచ్చాయట. ఒకాయనైతే నాలుగు కారణాలు తనే ఊహించి, ఏది నిజమో టిక్కు పెట్టి పంపమన్నాడు. అయ్యా, నాకు కారణం తెలుసు. కథ రాసేవాడికి తెలియకుండా ఉంటుందా? కానీ సైదాబీ ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పనిది నేను అచ్చులో వేస్తే, ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికీ నాకూ తేడా ఉండదు. కాబట్టి ఉత్తరాలు రాసినవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ఈ వారమూ చెప్పను, ఏ వారమూ చెప్పను.

ఇక ఫోన్ సంగతి. అది సైదాబీ భర్త మౌలాలిది. అతను మిర్యాలగూడలో రైస్ మిల్లులో ఫిట్టరు. ఆదివారం మాత్రం ఇంటికి వస్తాడు. మిల్లు మోతలో అతని గొంతు సగం వినిపించి సగం వినిపించలేదు.

"సైదా, ఇంక ఎందుకు నానబెడ్తున్నవ్? సూర్యాపేట డాక్టర్ చీటీ ఉన్నది గదా. తీస్కపోయి సదర్ సాబ్ చేతిల పెట్టు. ఖతం. రెండు నిమిషాల పని."

"పెడితే ఏమైతది?"

"నోర్లు మూస్తరు."

"నా సంగతిల మూస్తరు. రేపు ఇంకొక ఆమెను పట్టుకొని అడుగుతరు. ఆమె దగ్గర చీటీ లేకపోతే?"

మౌలాలి మంచివాడు. మంచివాళ్లకు తొందరగా గొడవ తీరిపోవాలని ఉంటుంది.

"నేను రావాల్నా? సూపర్‌వైజర్‌ను అడిగి బస్సెక్కుత."

"నువ్వొస్తే మొగోళ్లు మొగోళ్లు మాట్లాడుకున్నట్టయితది. ఉండు. నేనే మాట్లాడత."

"సరే. నువ్వు ఏం జేసినా నేను నీ దిక్కే. అన్నం తిన్నవా?" అనేసి నాలుక కరుచుకున్నాడు. రోజూ అడిగే మాట, అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆ రెండు రోజుల్లో సైదాబీ నవ్వడం అదే మొదటిసారి. అవతల అతనూ నవ్వాడు.

ఈ మాటలన్నీ పక్క వాటాలోంచి నీరజ విన్నది. రెండు వాటాల మధ్య ఒక్క తలుపే అడ్డం, అది ఎప్పుడూ సరిగా మూసుకోదు. నీరజది అనంతగిరి మండలంలో తండా. అక్కడి సబ్ సెంటర్లోనే నర్సు. సైదాబీ సంగతి భర్త తరువాత తెలిసింది ఈ పిల్లకే.

"అక్కా, నేనొస్త. నేను చెప్త. దవాఖాన మనిషి చెప్తే ఇంటరు," అంది నీరజ.

"నీకు తెలిసిందే నువ్వు దవాఖాన మనిషివి కాబట్టి. బయట చెప్పినవనుకో, రేపటి సంది ఏ ఆడామె నీకు తన బాధ చెప్పుకుంటది?"

"నీకు కోపం రాదా అక్కా?"

"రాకేమి. తెల్లారేదాక కండ్లు మూతపడలే." సైదాబీ చున్నీ సర్దుకుంది. ఆ వీడియో ఆమెకూ చూపించారు. అందులో తను అన్నం తింటున్నందుకు ఆమెకు సిగ్గు కలగలేదు. సొంత వంటింట్లో, ఒంటరిగా, కంచం ముందు కూర్చున్న మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది తను. తల మీద కొంగు లేదు. జుట్టు విడిపోయి భుజం మీద పడి ఉంది. తన పిల్లల తండ్రులు, పాలవాడు, కూరగాయల దుకాణం ఆయన, అందరూ అది చూశారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె ఒళ్లు మండింది. ఇంత గొడవలో ఆ ముక్క ఒక్కరూ ఎత్తకపోవడం ఇంకా మండింది.

షాదీఖానాలో ఆడవాళ్ల వైపు పరదా కట్టారు. మదార్ సాబ్‌ది పరుపుల దుకాణం. పరదా కూడా ఆ దుకాణం నుంచి వచ్చిన చారల పరుపు గుడ్డే. మామూలుగా కమిటీ కూర్చుంటే పరదా వెనక ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ రోజు ఇరవై మందికి పైగా వచ్చారు. కుర్చీలు చాలక చాపలు పరిచారు. ఇటువైపు మగవాళ్లు నలభై మంది. మధ్యలో ఇమాం దస్తగీర్ హజ్రత్. ఆయనది సూర్యాపేట, డెబ్భై దాటాయి, ఈ మసీదుకు వచ్చి పన్నెండేళ్లయింది.

మదార్ సాబ్ లేచాడు. ఈయన చెడ్డవాడైతే నాకు రాయడం సులువయ్యేది. కరోనా రోజుల్లో దవాఖానకు పరుపులు ఉచితంగా మోయించిన మనిషి. మసీదులో చెప్పుల వరుస వంకరగా ఉన్నా ఓర్చుకోలేడు, అదే ఆయన జబ్బు.

"నాకు ఆ చెల్లె మీద పగ లేదు," అన్నాడు. "పిల్లలకు రోజా గురించి నేర్పే మనిషి. ఆమెనే రోజా లేకపోతే పిల్లలు ఏం నేర్సుకుంటరు? నేను అడిగేది ఒక్క జవాబు. ఇగో హజ్రత్, మీరే సూడుండ్రి." ఫోన్ తీసి ఇమాం ముందు పెట్టబోయాడు.

"జేబుల పెట్టు," అన్నాడు ఇమాం.

"సూస్తేనే గదా హజ్రత్, తెలిసేది."

"పెట్టు."

ఫోన్ జేబులోకి వెళ్లింది. పరదా వెనక నుంచి సైదాబీ గొంతు వచ్చింది. మొదట సన్నగా, తరువాత స్థిరంగా.

"హజ్రత్, జవాబు కంటే ముందు నేనొక మాట అడగొచ్చా?"

"అడుగు బేటీ."

"ఇంట్ల ఉన్నోళ్లకు తెల్వకుండ కిటికీలకెల్లి లోపలికి సూస్తే షరియత్‌ల ఏమంటరు?"

ఇమాం వెంటనే చెప్పాడు. "హరామ్. ఇంటోళ్లు రమ్మనంది గుమ్మం దాటొద్దు. కిటికీ సంగతి అడగనే అవసరం లేదు."

వెనక వరుసలో ఒకతను, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి లారీ నడిపేవాడు, గొంతు సవరించుకున్నాడు. "మంచి కోసం సూస్తే కూడనా హజ్రత్?"

"మంచి కోసం ఒకరి తప్పులు ఎతుకుమని ఏడ లేదు. ఎతకొద్దనే అల్లా హుకుం. బజార్ల నిలబడి చేసింది బజారోళ్లు అడగొచ్చు. తలుపేసుకొని చేసింది ఆ మనిషికీ అల్లాకూ నడుమ."

"అట్లయితే తలుపేసుకొని ఏమన్నా చెయ్యొచ్చా?" అన్నాడు మదార్ సాబ్. ఆయన వాదనకు అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. "పెండ్లాన్ని కొట్టేటోడు కూడా తలుపేసుకొనే కొడతడు."

"కొడుతుంటే తలుపు పగలగొట్టు. నేను కూడా వస్త. ఒక మనిషి హక్కు పోతున్నప్పుడు తలుపు అడ్డం కాదు. గీడ ఎవరి హక్కు పోయింది మదార్? పెరుగన్నందా?"

నలుగురైదుగురు నవ్వారు. పరదా వెనక కూడా ఎవరో నవ్వి ఆపుకున్నారు. సైదాబీ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ రోజు దాచుకుని వచ్చిన మాట ఇంకా బయటికి రాలేదు.

"నేను ఏం తిన్ననో అందరు సూసిండ్రు," అంది. "నా నెత్తి మీద కొంగు లేదు. అది ఒక్కరికీ కనపడలేదా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"నా పెండ్లయి పదకొండేండ్లు. మా ఆయన తప్ప బయటి మొగోళ్లెవ్వరు నా ఎంట్రుకలు సూడలే. మీరు ఒక్క పూటల రెండు వందల పద్నాలుగు మందికి సూపిచ్చిండ్రు. ఇగ ఈ పరదా ఎవరికోసం కట్టిండ్రు సదర్ సాబ్?" ఆమె పరదాకు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "రోజా లేదని నన్నడిగిండ్రు. ఇది నేను ఎవర్ని అడగాలె?"

మగవాళ్లలో కొందరు తల దించుకున్నారు, కొందరి చేతులు జేబుల మీదికి వెళ్లాయి. జేబులో ఉన్నదేమిటో వాళ్లకు అప్పుడు అర్థమైంది. రోజా కాపాడదామని బయలుదేరి ఇంత పెద్ద మనుషులంతా కలిసి ఒక ఆడమనిషి పరదా లాగేశారు, లాగినట్టు ఒక్కరికీ తోచలేదు. చెప్పుల వరుస చూసే కళ్లకు కొన్ని కనబడవు.

మదార్ సాబ్ ముఖం ఎర్రబడింది. "అది నాకు తట్టలేదు," అన్నాడు. "అల్లా సాక్షిగ తట్టలేదు. ఆ తప్పు నాదే. కానీ ఇంతమందిల సంగతి లేచింది కదా. ఒక్క మాట చెప్పుమను. రోజా ఎందుకు లేదు? చెప్తే ఇప్పుడే గది తాళం చెవి ఇచ్చేస్త."

సైదాబీ చెయ్యి పక్కనున్న సంచిలోకి పోయింది. లోపల సూర్యాపేట డాక్టర్ చీటీ వేళ్లకు తగిలింది. బయటికి తీసి, పరదా కింద నుంచి తోస్తే చాలు. ముప్పై ఒక్కమంది పిల్లలకు ఫ్యాను ఉన్న గది, నల్లబల్ల, అన్నీ వస్తాయి. నేనైతే తీసేవాణ్ని. మీరూ తీసేవారు. ఆమె చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"చెప్పను సదర్ సాబ్."

"ఎందుకు చెప్పవు?"

"ఇయ్యాల నేను చెప్తే, రేపటి సంది ఆడోళ్లందరు చెప్పాల్సొస్తది."

"ఆడోళ్లందరు ఎందుకు చెప్పాలె?" అన్నాడు మదార్ సాబ్.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లయి ముప్పై ఆరేళ్లు. ముగ్గురు కూతుళ్ల తండ్రి. ఆ ప్రశ్న ఎంత అమాయకంగా వేశాడంటే, పరదా వెనక ఇరవై మంది ఒకేసారి ఊపిరి బిగబట్టారు. ఈ ఇళ్లలో ఆడవాళ్లకు అమ్మమ్మల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. నెలసరి వచ్చి రోజా ఉండకూడని రోజుల్లోనూ, ఒంట్లో బాగోక ఉండలేని రోజుల్లోనూ ఆడది తెల్లవారుజామున సహరీ భోజనానికి అందరికంటే ముందు లేస్తుంది. కంచాలు పెడుతుంది. మగవాళ్లతో పాటు తనూ రోజా ఉన్నట్టే పగలంతా తిరుగుతుంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక వంటింటి తలుపు చాటున నిలబడి నాలుగు ముద్దలు మింగి, ఎవరూ చూడకముందే కంచం కడిగి బోర్లిస్తుంది. తప్పిన రోజాలు పండుగ వెళ్లాక ఒక్కొక్కటే తీర్చుకుంటుంది. షరియత్ తిను అన్నా ఆమెకు సిగ్గు. ఇంట్లో మగవాళ్లు మాత్రం తమ ఆడవాళ్లు ముప్పై రోజులూ రోజాలే అని నమ్ముకుని హాయిగా బతుకుతుంటారు.

"మదార్," అని పరదా వెనక నుంచి ఒక ముసలి గొంతు పిలిచింది. అది ఇమాంబీ గొంతు. ఎనభై ఏళ్ల మనిషి, మదార్ సాబ్‌ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది. "నన్నడుగు. నేను నిన్న రోజా లేను. కారణం చెప్పను."

"అవ్వా, నిన్నెవరు అడిగిండ్రు?" అన్నాడు మదార్ సాబ్ కంగారుగా.

"నేను మొన్న లేను," అంది ఇంకొక గొంతు, వయసులో ఉన్న గొంతు. "నేనూ కారణం చెప్పను."

"నేను నాలుగు దినాలు లేను. చెప్పను."

"నేనూ."

ఒకరి తరువాత ఒకరు. మగవాళ్లు తమ తమ ఇళ్ల గొంతులు గుర్తుపట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లారీ ఆయన పైకప్పు వైపు చూడసాగాడు. పది గొంతులు అయ్యాక పదకొండోది వచ్చింది. అది అందరికీ తెలిసిన గొంతు. మదార్ సాబ్ భార్య హుస్సేన్‌బీది.

"నన్ను కూడా అడుగుండ్రి," అందామె. ఎందుకో గొంతు పగిలినట్టు ఉంది. "ముప్పై ఆరు రంజాన్‌లు మీ ఇంట్ల సహరీ వండిన. ఎన్ని దినాలు పొయ్యి చాటుకు తిన్ననో మీకెన్నడన్న తెలుసా?"

మదార్ సాబ్ కుర్చీలో కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, నీళ్లు అడగబోయి, తనకు రోజా ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఇమాం దస్తగీర్ హజ్రత్ ఆయన వైపు తిరిగాడు. మెల్లగా అన్నాడు. "చాటుగ అయిన తప్పుకు చాటుగనే తౌబా చెప్పి మాఫీ అడగాలె. నలుగురిల అయిన తప్పుకు నలుగురిలనే. సైదాబీది తప్పనే నేను అంటలేను. ఆమె సంగతి మనకు తెల్వదు, తెల్వాల్సిన పని లేదు. మదార్, నువ్వు పంపింది మాత్రం నలుగురికి."

"రేపు జుమ్మాల చెప్త," అన్నాడు మదార్ సాబ్. "మైక్‌ల చెప్త."

"మరి వీడియో తీసినోళ్ల పేరు?" అని ఎవరో అడిగారు.

"నాకూ తెల్వదు. తెల్వని నంబరు నుంచి వచ్చింది. కావాల్నంటే పట్టిస్త."

"వద్దు," అన్నాడు ఇమాం. "మల్ల ఎతుకుడు మొదలు పెడ్తవా? ముందు అందరు ఫోన్లు తీసి, అది తుడిచెయ్యుండ్రి. నా ముందర."

నలభై ఫోన్లు బయటికి వచ్చాయి. కొందరికి ఎలా తుడవాలో తెలియక పక్కవాళ్లను అడిగారు. అంతలో రోజా విడిచే ఇఫ్తార్ సైరన్ మోగింది. మగవాళ్ల వైపు నుంచి ఎవరో ఖర్జూరాల పళ్లెం పరదా కింద నుంచి ఆడవాళ్ల వైపుకు జరిపారు. ఇమాంబీ సైదాబీ తల మీద చెయ్యి వేసి, ఒక ఖర్జూరం తీసి ఆమె నోట్లో పెట్టింది.

మరునాడు శుక్రవారం. మధ్యాహ్నం మగవాళ్లంతా జుమ్మా నమాజుకు పోయాక వీధి ఖాళీ అయింది. సైదాబీ ఇంట్లోనే నమాజు చదువుకుని చాప మడుస్తుంటే తలుపు దగ్గర హుస్సేన్‌బీ గొంతు వినబడింది. సైదాబీ లోపలికి రమ్మంది. పెద్దామె వచ్చి గోడ వారన నేల మీద కూర్చుంది. చేతిలో చిన్న రుమాలు, దాన్ని మడుస్తుంది, విప్పుతుంది.

"నిన్న మీరు అట్ల లేచి మాట్లాడినందుకు మీ మేలు మరువను పెద్దమ్మా," అంది సైదాబీ.

"నన్ను పొగడకు బిడ్డా." హుస్సేన్‌బీ తల ఎత్తలేదు. "ఆ వీడియో తీసింది నేనే."

సైదాబీ చేతిలోని చాప జారి కింద పడింది.

"ఆ దినం పిల్లలకు శనగలు ఉడకబెట్టి తెచ్చిన. ముందు తలుపు ఏసున్నది. ఎనకనుంచి వచ్చిన. కిటికీలకెల్లి నువ్వు కనపడ్డవ్." ఒక్కొక్క మాటా రాయి మోసినట్టు చెప్పింది. "నా దగ్గర మా చిన్నబిడ్డ పాత ఫోన్ ఉండె. అండ్లకెల్లి ఆయనకు పంపిన. ఆ నంబరు ఆయనకు తెల్వదు. ఆయనకు ఇప్పటిదాక తెల్వదు."

"ఎందుకు పెద్దమ్మా? నేను మీకేం జేసిన?"

"ఏం జెయ్యలే. ఇరవై రెండేండ్లు ఈ వీధి పిల్లలకు నేనే అరబీ చెప్పిన. నువ్వొచ్చినవు. తెలుగుల దాని మతలబు, అర్థం చెప్పినవు. ఒక్కొక్కరే నీ దిక్కు వచ్చిండ్రు. ఆఖర్న నా మనవరాలు కూడా నీ దగ్గరికే వస్తనన్నది." ఆమె కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అలాగే కారనిచ్చింది. "నాకు ఆ మతలబు తెల్వదు బిడ్డా. నాకెవ్వరు చెప్పలే. నేను కూడా పిల్లలకు చెప్పలేకపోయిన."

సైదాబీకి ఆమెను లాగి ఒక్కటి కొట్టాలనిపించింది. అదే క్షణంలో ఆమె తల మీద చెయ్యి వెయ్యాలనీ అనిపించింది. ఏదీ చెయ్యకుండా నిలబడింది. బయట మసీదు మైకులోంచి మదార్ సాబ్ గొంతు వచ్చింది.

"నేను మదార్‌ను. పరుపుల దుకాణం మదార్‌ను. ఒక చెల్లె ఇంటి పరదాను నేను నా చేతులతోని తీసేసిన. అల్లాతోని మాఫీ అడుగుతున్న. మీ అందరి ముందు ఆ చెల్లెతోని మాఫీ అడుగుతున్న."

గొంతు మధ్యలో రెండుసార్లు ఆగింది. దుకాణంలో బేరానికి తప్ప ఎన్నడూ గొంతు తగ్గించని మనిషి. హుస్సేన్‌బీ రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మధ్య తలుపు తోసుకుని నీరజ వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. ముఖం కోపంతో వెలిగిపోతోంది. "అక్కా, మొత్తం రికార్డ్ చేసిన. మొదటి సంది ఆఖరి దాక. ఆమె గొంతే. నువ్వు ఊ అను, మౌలాలి బావకు పంపిస్త, గ్రూపుల పెడతడు. నీ పరువు తీసినోళ్లెవరో ఊరందరికి తెలియనియ్యి."

హుస్సేన్‌బీ ఏడుపు ఆగిపోయింది. ఆ ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. మూడు రోజుల క్రితం తన వీడియో ఉన్న ఫోన్‌ను సైదాబీ ఎలా చూసిందో, ఇప్పుడు ఆమె అలా చూసింది.

వీధిలో మనుషుల అలికిడి మొదలైంది. నమాజు అయిపోయింది. కాసేపటికి ఎవరో మెట్లెక్కి తలుపు అవతల ఆగారు.

"అస్సలాము అలైకుమ్. సైదమ్మా, నేను మదార్‌ను. హజ్రత్ కూడా వచ్చిండు. మైక్‌ల చెప్పింది చాలదు, నీ గడప కాడికొచ్చి చెప్పాల్నని వచ్చిన. మేం బయటనే నిలబడతం."

లోపల ముగ్గురూ కదల్లేదు. ఒకరి ఇంటికి వెళ్లినవాళ్లు మూడుసార్లు సలాం చెప్పాలి. మూడోదానికీ జవాబు రాకపోతే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగాలి. అది పద్ధతి. ఒకటి అయిపోయింది.

"పిలువు అక్కా," అని గుసగుసగా అంది నీరజ. "ఆయన ముందే ఇనిపిస్త."

సైదాబీ నీరజ దగ్గరికి వెళ్లింది. "తీసెయ్," అంది.

"నీ కోసమే గదా అక్కా చేసింది."

"తెలుసు. నా కోసమే తీసెయ్."

నీరజ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవి కొరుక్కుంటూ వేలితో తుడిచేసింది. ఖాళీ అయిన తెర సైదాబీకి చూపించింది.

"అస్సలాము అలైకుమ్." రెండో సలాం.

సైదాబీ వంగి హుస్సేన్‌బీ చెయ్యి పట్టుకుని లేపింది. "పెద్దమ్మా, ఎనక తలుపు తీసే ఉన్నది. మీరు పోతే గీడికి రానట్టే. నా నోట్లకెల్లి ఈ మాట ఎన్నడు రాదు. నీరజ నోట్లకెల్లి కూడా రాదు."

"నువ్వు నన్ను మాఫ్ చేసినవా?"

"ఇంకా చెయ్యలే. చేస్త. జర టైం పడ్తది." అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాలేదు. "కానీ మిమ్మల్ని నలుగురిల నిలబెట్టను."

"అస్సలాము అలైకుమ్." మూడో సలాం. ఈసారి మదార్ సాబ్ గొంతులో ఆశ తగ్గిపోయింది. మెట్ల మీద చెప్పులు వెనక్కి తిరిగిన చప్పుడు.

హుస్సేన్‌బీ కొంగు తల మీదికి లాక్కుంది. వెనక తలుపు వైపు నాలుగు అడుగులు వేసి, వంటింటి గడప దగ్గర ఆగింది. తను అవతల నిలబడి వీడియో తీసిన కిటికీ ఎదురుగా కనబడింది. తరువాత గిరుక్కున తిరిగి, సైదాబీని దాటుకుని గది ఈ చివరికి వచ్చి, ముందు తలుపు గడియ తనే తీసింది.